కిటికీ పక్క మంచం

వాట్సాప్‌లో వచ్చిన పోస్టరు మీద నా పేరు అందరికంటే కింద ఉంది, అందరికంటే చిన్న అక్షరాలలో. పైన నిర్మల ఫోటో, దాని కింద 'సీనియర్ ప్రొఫెసర్, రిటైర్డ్' అని. అడుగున నా పేరు పక్కన 'జూనియర్ లెక్చరర్, రిటైర్డ్' అని. మధ్యలో సులోచన ఫోటో. సభ ఆమె కోసమే. పాత పాస్‌పోర్టు సైజు బొమ్మను సాగదీస్తే ముఖం కాస్తా అలుక్కుపోయింది. సంతాప సభకు వచ్చి మాట్లాడేవాళ్ళ పేర్లు కూడా హోదాల వరస చూసి పేర్చినవాళ్ళకు, పోయిన మనిషికి ఏ హోదా రాయాలో మాత్రం తోచినట్టు లేదు. 'పూర్వ విద్యార్థిని' అని రాసి చేతులు దులుపుకున్నారు.

జూనియర్ లెక్చరర్ అనే మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం. ఉద్యోగంలో చేరిననాడు నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు, దిగిననాడు ఒక్క నల్ల వెంట్రుక లేదు, రెండు రోజులూ నేను జూనియర్ లెక్చరర్‌నే. జూనియర్ కాలేజీలో చెప్తావు కనుక నువ్వు జూనియర్‌వి అన్నారు. అదే కాలేజీలో రెండో ఏడు చదివే పదిహేడేళ్ళ పిల్ల మాత్రం 'సీనియర్ ఇంటర్'. అంటే బతుకంతా సీనియర్లకు పాఠాలు చెప్పిన జూనియర్‌ని నేను. ఇప్పుడు తార్నాకలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద పొద్దున్నే స్కూలు వ్యాను కోసం నిలబడే పిల్లల్లో ఒకడు జూనియర్ కేజీ, ఇంకొకడు సీనియర్ కేజీ. సీనియర్ వాడు జూనియర్ వాడి బిస్కెట్ లాక్కుంటాడు, వాడు ఏడుస్తాడు, ఇద్దరి తల్లులూ నవ్వుతారు. ఇద్దరిలో ఎవరికీ ముక్కు తుడుచుకోవడం రాదు. సిటీ బస్సు ఎక్కితే నాబోటి వాళ్ళకోసం 'సీనియర్ సిటిజన్' అని రాసిపెట్టిన సీటుంటుంది. ఆ సీటులో ఎవడో ఫస్టియర్ కుర్రాడు ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటాడు. లేవమంటే, ముందు నా తల చూసి, తర్వాత బోర్డు చూసి, ఆ రెంటికీ సంబంధం ఉందా అని ఆలోచించి, అప్పుడు లేస్తాడు.

ఈ మాటల రోగం నాకు తెలియని కొత్తదేమీ కాదు. ఇప్పుడు సభ పెట్టిన యూనివర్సిటీ క్యాంపస్‌లోనే, ఆడపిల్లల హాస్టల్లో, నా ఇరవై రెండో ఏట దీన్ని మొదటిసారి దగ్గరగా చూశాను. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో చేరడానికి ఊరినుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక బొంత, అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా పట్టుకుని వచ్చాను. అప్పటిదాకా మనుషుల్లో చిన్నా పెద్దా అంటే నాకు తెలిసింది వరసలే. మా ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒక వరస. మా నాయనమ్మ ముడతల ముఖం వేసుకుని, వాకిట్లో పాకే ఒక పిల్లవాణ్ణి 'మామా' అని పిలిచేది. వాడు ఆమెకు వరసకు మామే. పిలవడమే కాదు, వాడు ఏడిస్తే అందరికంటే ముందు పోయి ఎత్తుకునేది, కొత్త పంట వస్తే వాడింటికి ఒక గంప ముందే పంపేది. వరస కలిపినాక ఆ వరసకు తగ్గట్టు పెట్టాలి, పోయాలి, కష్టం వస్తే నిలబడాలి. వట్టి పిలుపుకు మా నాయనమ్మ దగ్గర విలువ లేదు.

హాస్టల్‌కు వచ్చాక కొత్త వరసలు నేర్చుకున్నాను. ఫస్టియర్ వాళ్ళు జూనియర్లు. సెకండియర్ వాళ్ళు సీనియర్లు. పాసై కూడా ఎం.ఫిల్. పేరు మీద గది వదలనివాళ్ళు సూపర్ సీనియర్లు. పిహెచ్.డి. వాళ్ళు స్కాలర్లు, వాళ్ళ పరిశోధన ఎంత సాగిందని అడగడం వాళ్ళ వయసు అడగడంకంటే పెద్ద తప్పు. ఇంటినుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ప్రతి పిల్లా డే స్కాలర్, ఆమె పుస్తకం మొహం చూసినా చూడకపోయినా. గది దొరకక, తెలిసినవాళ్ళ గదిలో నేలమీద చాప వేసుకుని పడుకునేవాళ్ళు నాన్ బోర్డర్లు. అందరికంటే కింద వాళ్ళు. వాళ్ళకు హాస్టల్లో పేరుండదు, 'ఫలానా రూము నాన్ బోర్డర్' అంటే సరిపోయేది.

ఈ హోదాలన్నీ మా గదిలో మంచాల రూపంలో కనిపించేవి. నాలుగు ఇనుప మంచాలు. కిటికీ పక్క మంచం గదిలో అందరికంటే పైవాళ్ళది. గాలి, వెలుతురు, బయట వేపచెట్టు, దండెం కట్టుకునే ఊచలు అన్నీ దానివే. గోడవారగా ఉన్న రెండు మంచాలు మధ్యవాళ్ళవి. తలుపు పక్క మంచం కొత్తగా వచ్చినదానిది. ఎవరు తలుపు తోసినా మంచం కోడుకు తగిలేది. వరండాలో పోయేవాళ్ళ చెప్పుల చప్పుడు చెవిలోనే. మెస్సులోంచి ఉడికిన క్యాబేజీ వాసన, పప్పుచారు తాలింపు వాసన, ఎవరో తలంటుకున్న కుంకుడుకాయ వాసన, అన్నీ ముందు తలుపు మంచానికే వచ్చేవి. వార్డెన్ రాసిచ్చిన నంబర్లతో ఎవరికీ పని లేదు. పై మంచం ఖాళీ అయితే ఒక్కొక్కరూ ఒక్క మంచం పైకి జరగాలి. పోయే సీనియర్ తన పరుపు, బకెట్టు తనకు ఏడాదంతా సేవ చేసిన జూనియర్‌కు ఇచ్చి పోతుంది. ఆ పరుపులో దూదికంటే నల్లులు ఎక్కువ, అయినా దానికోసం ఏడాదంతా ఇడ్లీలు మోసేవాళ్ళను నేను చూశాను. ఎంత చదువు చదివినవాళ్ళం. ఏ పుస్తకంలో ఏ రాజు ఎందుకు కూలాడో చెప్పగలవాళ్ళం, ఒక ఇనుప మంచం ముందు మాత్రం నోరు ఎత్తేవాళ్ళం కాదు.

మా గదిలో కిటికీ మంచం నిర్మలది. ఎం.ఫిల్. చేస్తూ ఉండేది. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద అంతే, కాని నడకలో ఇరవై ఏళ్ళ పెద్దరికం ఉండేది. పొద్దున వేడినీళ్ళ బాయిలరు దగ్గర మా బకెట్లు చీకటి ఉండగానే వరసలో పెట్టేవాళ్ళం. ఆమె తాపీగా లేచి వచ్చి, వరసలో అన్నిటికంటే ముందున్న బకెట్టును కాలితో పక్కకు జరిపి తనది పెట్టుకునేది. ఆమెను అందరూ 'అక్కా' అనాలి. నిర్మలక్క అనకూడదు, అందులో పేరు ఉంది కనుక. ఉత్త 'అక్కా'. ఆ ఒక్క మాట అనకపోతే బాయిలరు దగ్గర నీళ్ళుండవు, మెస్సులో పెరుగుండదు, గదిలో లైటుండదు. కొత్తలో నేను ఆ మాటను రోజుకు ఎన్నిసార్లు అనేదాన్నో, అన్నిసార్లూ నాలుక మీద చేదుగా ఉండేది.

సులోచన వచ్చింది దసరాకు ముందు. మా క్లాసులోనే, నా పక్క బెంచీలో కూర్చునేది. అప్పటికే ముప్పై దాటి నడుస్తున్న మనిషి. మొగుడు వదిలేసి పోయాడు. తల్లీ తండ్రీ లేరు, తోబుట్టువులు లేరు. ఊళ్ళో బాలవాడి నడుపుతూ, పొయ్యి ముందు కూర్చుని బయటనుంచి పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకుని, ఎంట్రన్స్ రాసి సీటు సంపాదించింది. ఒక్క కూతురు, పద్మ, ఇంటర్ చదివే పిల్ల. ఆ పిల్లను వారాసిగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో పెట్టింది. తను మాణికేశ్వర్ నగర్‌లో దూరపు చుట్టం ఇంటి అరుగు మీద ఉంటోంది. ఆ చుట్టం 'దసరా దాకనే' అని ముందే చెప్పాడు. యూనివర్సిటీ హాస్టల్లో మంచాలు నిండిపోయాయి. మిగిలిన దారి నాన్ బోర్డర్‌గా ఉండడం, దానికి గదిలో కిటికీ మంచం మనిషి ఊ అనాలి. లేకపోతే పండగ దాటగానే ఊరికి పోవాలి, మళ్ళీ బాలవాడి, మళ్ళీ పొయ్యి. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. 'ఉంటే చదువుతా, లేకుంటే పోతా' అన్నది. అప్పటికే ఆమె నాకు క్లాసులో సజ్జరొట్టె ముక్క పెట్టి, 'తిను చెల్లే' అనేది.

మా గదికి నేనే తీసుకొచ్చాను. దారిపొడవునా చెప్పాను, లోపల ఒక అక్క ఉంటుంది, ఎక్కువ మాట్లాడవద్దు అని. సులోచన తల ఊపింది. లోపల నిర్మల కిటికీ మంచం మీద కాళ్ళు మడుచుకుని, విప్పిన జుట్టు ముందుకు వేసుకుని చిక్కు తీసుకుంటోంది. సులోచన సంచీ కింద పెట్టింది. చూసింది. చూసిన వెంటనే నోట్లోంచి వచ్చేసింది.

"ఏం బిడ్డా, తల గట్ల చిక్కువడ్డది? ఇటు దా, నూనె పెట్టి దువ్వుత."

గోడ మంచాల మీద ఉన్న ఇద్దరు సెకండియర్ వాళ్ళు పుస్తకాలు మూశారు. నిర్మల దువ్వెన ఆపి, సులోచనను కాళ్ళనుంచి తలదాకా చూసింది.

"ఎవర్ని బిడ్డా అంటున్నవ్? నేను ఎం.ఫిల్., నువ్వు ఫస్టియర్. తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది. మరి ఏమనాల్నే?" అన్నది సులోచన. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆ చివర 'ఏ'తో మిగిలిన కొంప కూడా మునిగింది.

శిక్ష ఆ సాయంత్రమే ఖరారైంది. ఆదివారం మధ్యాహ్నం మెస్సులో, అందరూ తింటున్నప్పుడు, సులోచన లేచి నిలబడి నిర్మలను 'అక్కా' అని పిలిచి, క్షమించమని అడగాలి. అప్పుడు గదిలో చాప సంగతి ఆలోచిస్తారట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ముందు, కూతురు ఇంటర్ చదివే తల్లి చేతులు కట్టుకుని నిలబడాలి. నాకు రక్తం మరిగింది. పోదాం పద, అడుక్కుతిన్నా సరే ఈ గదిలో వద్దు అన్నాను. సులోచన నన్ను వింతగా చూసింది. "గీంత దానికా? మా ఊళ్ళ నాకంటె చిన్న పిల్ల నాకు అత్త. వరసలకు వయసేంది? ఆమె అక్కనంటే అక్కనే. గని అక్కయినంక అక్క తీర్గ ఉండాలె గదా" అన్నది. ఆ చివరి మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఆదివారం మెస్సులో కోడికూర వాసన. స్టీలు కంచాలు, నీళ్ళ జగ్గులు, నూటికి పైగా ఆడపిల్లలు. సులోచన లేచింది. వంగలేదు, చేతులు కట్టుకోలేదు. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునే గొంతుతో అన్నది: "అక్కా, తెలువక బిడ్డా అన్న. నువ్వు నాకు అక్కవి. నాకు అమ్మ లేదు, అక్క లేదు. ఇయ్యాల్టి సంది నువ్వే." అని, వచ్చి నిర్మల పక్కన బల్ల మీద చోటు చేసుకుని కూర్చుని, నిర్మల కంచంలోంచి ఒక ముక్క తీసుకుని తిన్నది. అక్క కంచంలోంచి తినడం తప్పా? మెస్సంతా చూస్తోంది. నిర్మల ముఖం ఎటూ తిప్పుకోలేకపోయింది. గెలిచిందో ఓడిందో ఆమెకే అర్థం కాలేదు.

ఆ రాత్రే సులోచన మా గదిలో చాప పరిచింది. అప్పటినుంచి మొదలైంది. హాస్టల్లో ఏళ్ళ తరబడి అందరూ నోటితో అంటూ వచ్చిన మాటను సులోచన ఒక్కతే నమ్మింది, లేదా నమ్మినట్టు నడుచుకుంది. ఈ రెంటిలో ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. అక్క సబ్బు చెల్లెది. అక్క నూనె చెల్లెది. బాయిలరు దగ్గర అక్క బకెట్టు ముందుంటే దాని వెనక చెల్లె బకెట్టు, దాని వెనక చెల్లె స్నేహితురాలిని కనుక నాది. బదులుగా నిర్మల తల చిక్కు రోజూ ఆమే తీసేది, చెవుల వెనక పేలు చూసేది, చదువుతూ అన్నం మర్చిపోతే కంచం తెచ్చి ముందు పెట్టి తినేదాకా అక్కడే కూర్చునేది. మేము మాత్రం అక్కా అని పిలిచి, వెనక్కి తిరిగి పళ్ళు కొరుక్కునేవాళ్ళం. మరుసటి ఆదివారం పద్మను తీసుకొచ్చింది. రెండు జడల బక్క పిల్ల. "మీ పెద్దమ్మనే. కాళ్ళకు మొక్కు" అన్నది. పద్మ మొక్కింది. నిర్మల కాళ్ళు వెనక్కి లాక్కుంది. గోడ మంచం పిల్లలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత చలికాలంలో పద్మకు కామెర్లు వచ్చాయి. వారాసిగూడ హాస్టలు వాళ్ళు 'మా దగ్గర ఉంచుకోలేం, తీసుకుపోండి' అన్నారు. ఊరికి తీసుకుపోతే సులోచన చదువు అక్కడితో సరి. కళ్ళు పసుపు పచ్చగా ఉన్న పిల్లను రిక్షాలో తెచ్చి, చేయి పట్టుకుని గదిలోకి నడిపించి, సులోచన నేరుగా కిటికీ మంచం దగ్గరకు పోయింది. "పెద్దమ్మ మంచం మీద పండుకో బిడ్డా. గీడ గాలి మంచిగొస్తది" అన్నది. నిర్మల మంచం మీదే ఉంది, చేతిలో పుస్తకంతో. గదిలో మేమందరం నిర్మల ముఖమే చూస్తున్నాం. కాదనొచ్చు. అది ఆమె మంచం, ఆమె కంటే ముందు ఎందరో సీనియర్ల మంచం, ఆ మంచం కోసం ఆమె కూడా ఒకప్పుడు ఎవరికో ఇడ్లీలు మోసే ఉంటుంది. కాని కాదంటే తను అక్క కాదని ఒప్పుకున్నట్టు. మెస్సులో అందరి ముందు పిలిపించుకున్న పిలుపు ఉత్తదని ఒప్పుకున్నట్టు. పుస్తకం మూసి, లేచి, దిండు తీసుకుంది. నా తలుపు మంచం మీదకు వచ్చింది. నేను సులోచన పక్కన చాప మీదకు పోయాను.

ఆ చలికాలమంతా ఎం.ఫిల్. నిర్మల తలుపు పక్కన పడుకుంది. తలుపు తోసిన ప్రతిసారీ మంచం అదిరేది, ఆమె ఉలిక్కిపడి లేచేది, నాకు లోపల తెగ సంతోషంగా ఉండేది. దాచడం దేనికి, నా అంత సంతోషంగా ఆ హాస్టల్లో ఎవరూ లేరు. ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి గదికి వచ్చేసరికి నిర్మల కిరోసిన్ స్టవ్ మీద జావ కాస్తోంది. గదిలో స్టవ్ పెట్టకూడదని మా అందరికీ ఉపన్యాసం ఇచ్చిన మనిషి. ఉండలు కట్టిన జావను గరిటెతో నలుపుతూ, నన్ను చూసి, "ఏంది చూస్తున్నవ్, తలుపెయ్యి. వార్డెన్ వస్తే నువ్వే చేసినవని చెప్త" అన్నది. పద్మ తాగుతుంటే గిన్నె అంచు తన పమిట కొంగుతో తుడిచింది. పిల్ల కోలుకుని పోయేనాడు ఒక జాకెట్ ముక్క, పసుపు కుంకుమ పొట్లం ఇచ్చి పంపింది. హోదా నిలబెట్టుకోవడానికే అనుకున్నాను నేను. ఇప్పుడు కూడా సగం అలాగే అనుకుంటాను.

సులోచన ఎం.ఏ. పూర్తి చేసింది. సర్కారు బడిలో టీచరైంది. పద్మ నర్సు కోర్సు చదివింది, పెళ్ళి వద్దనుకుంది, తల్లి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ ముషీరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. వాళ్ళింటికి ఎప్పుడు పోయినా తాలింపు వాసన, డెటాల్ వాసన కలిసి వచ్చేవి. హాస్టలు గేటు దాటిన నాటినుంచి నేను నిర్మలను అక్కా అనలేదు. ఎక్కడైనా ఎదురైతే 'మేడం' అనేదాన్ని, ఆ మాటలో ఎంత దూరం పట్టించవచ్చో అంత పట్టించేదాన్ని. ఆమె లెక్చరరై, రీడరై, ప్రొఫెసరై, చివరకు సీనియర్ ప్రొఫెసరైంది. అలాంటి పదవి ఒకటి ఉందని ఆమెకు వచ్చేదాకా నాకు తెలియదు. ప్రొఫెసర్లలో కూడా బకెట్టు ముందు పెట్టుకునేవాళ్ళుంటారన్నమాట. సులోచన మాత్రం ప్రతి పండక్కీ ఆమెకు ఫోన్ చేసి 'అక్కా' అనే పిలిచేది. నిర్మల ఎవరికి చెప్పినా 'మా జూనియర్' అనే చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. సులోచనకు చెబితే నవ్వేది.

సభ క్యాంపస్‌లో ఒక సెమినార్ హాల్లో జరిగింది. మా రోజుల్లో ఆ భవనం ముందు చింతకాయలు ఏరుకునేవాళ్ళం. ఇప్పుడు అక్కడ 'ఐ లవ్' అని గుండె బొమ్మతో పెద్ద అక్షరాలు నిలబెట్టారు. వాటి ముందు కుర్రాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. కోచింగ్ పుస్తకాలు చంకలో పెట్టుకున్న ఒకతన్ని ఏం చదువుతున్నావు బాబూ అంటే, "మూడో పీజీ మేడం, హాస్టల్ సీటు పోవద్దని" అన్నాడు. అతని పక్కనున్న కుర్రాడు అతణ్ణి 'అన్నా' అంటున్నాడు. అతని బ్యాగు కూడా మోస్తున్నాడు. ఏమీ మారలేదు. అప్పుడు పరుపు కోసం, ఇప్పుడు నోట్స్ కోసం.

నిర్మల మాట్లాడింది. తెల్ల జుట్టు, కంచి పట్టు చీర, మెడలో ఎవరో వేసిన శాలువా. సంతాప సభలో శాలువా ఎందుకో నాకు అర్థం కాలేదు. "సులోచన నా జూనియర్. ఉండడానికి చోటు లేనప్పుడు నా రూములో నేనే చోటిచ్చాను. ఆ రోజుల్లో సీనియర్లంటే అట్లా ఉండేవాళ్ళం" అన్నది. చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో పద్మ తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్లకూ ఇప్పుడు జుట్టు నెరిసింది. నా వంతు వచ్చినప్పుడు, సులోచనకు చోటు ఎవరూ ఇవ్వలేదు, ఆమే చేసుకుంది అని చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం వెనక్కీ ముందుకూ చూశారు.

టీలు ఇస్తున్నారు. పద్మ ఒంటరిగా ఒక మూల నిలబడి ఉంది, కప్పు ముట్టలేదు. దినాలు అయిపోయి వారం దాటింది. మా దిక్కు చావు జరిగిన ఇంటివాళ్ళను, దినాలు కాగానే, తల్లిగారి తరఫు దగ్గరివాళ్ళు వచ్చి తమ ఇంటికి తీసుకుపోయి, బువ్వ పెట్టి, ఆ రాత్రి అక్కడ పడుకోబెట్టి పంపుతారు. నిద్ర అంటాం దాన్ని. నిద్ర చేసి వచ్చేదాకా ఇంకెవరి గడపా తొక్కరు. పద్మకు తల్లిగారి తరఫు ఎవరూ లేరు. మా ఇంటికి రమ్మని నేను అంతకు ముందే రెండుసార్లు అడిగాను. "నువ్వు చిన్నమ్మవు. ముందు పెద్దమ్మ ఇల్లు" అన్నది. ఆ పెద్దమ్మ నిన్ను గుర్తు కూడా పట్టదే పిచ్చిదానా అనబోయి ఆగాను.

నిర్మల చుట్టూ పెద్దవాళ్ళు, ఎవరో డీన్ అట, ఎవరో ప్రిన్సిపాల్ అట. పద్మ వాళ్ళ మధ్యలోంచి నడిచిపోయి ఆమె ముందు నిలబడింది.

"పెద్దమ్మా, దినాలు అయిపోయినయి. నన్ను నిద్రకు ఎవ్వరు తీస్కపోలే. అమ్మ పోయే ముందు చెప్పింది, పెద్దమ్మ వస్తది, ఎదురుచూడు అని. నువ్వు రాలే. నేనే అడుగుతున్న, ఎప్పుడు రమ్మంటవ్?"

గొంతు తల్లిదే. డీన్ గారి చేతిలో బిస్కెట్ టీలో పడిపోయింది. నేను నిర్మల ముఖం చూస్తున్నాను, చలికాలం కిటికీ మంచం దగ్గర చూసినట్టే. ఏదో ఒక మీటింగు చెప్తుంది, బీపీ చెప్తుంది, అపార్ట్‌మెంట్ వాళ్ళు మైల అంటారని చెప్తుంది, నాకు తెలుసు. ఆమె శాలువా తీసి పక్కనున్నాయన చేతిలో పెట్టింది. ఆయన జూనియరే అయి ఉంటాడు, పట్టుకున్నాడు.

"దా. కారెక్కు," అన్నది. ఆమె నా వైపు కూడా చూసింది. "నువ్వు గూడ ఎక్కు. గట్ల నిలవడి చూసుడు నీకు అప్పటి సంది అలవాటే."

కారులో డ్రైవరు పక్కన నిర్మల, వెనక పద్మా నేనూ. తార్నాక చౌరస్తా దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండా అన్నది. "మీతోని అందరితోని నేను అనిపిచ్చుకున్న, అక్కా అక్కా అని. గేటు దాటంగనే అందరు మానిండ్రు. నువ్వు మేడం అన్నవు. సులోచన ఒక్కతె మానలే. ఫోన్లు చేసేది. నేనే ఎప్పుడూ పెద్దగ మాట్లాడకపోతి." తర్వాత ముక్కు చీదుకుంది. నాకు జాలి కలగాలి. కొంచెం కలిగింది కూడా. దానికంటే ఎక్కువ కోపమే వచ్చింది, ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది నీకు అని. నేను బయటకు చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఫ్లాటు తలుపు మీద ఇత్తడి పలక, 'సీనియర్ ప్రొఫెసర్' అని, పేరుకంటే పెద్ద అక్షరాలలో. లోపల ఒక్కటే పడకగది. ఎక్కడ చూసినా అట్టలు కట్టిన థీసిస్‌లు, శాలువాలు, మెమెంటోలు, వాటి మధ్య జండూబామ్ వాసన. వంటింట్లో ఒకే మనిషి తినే గిన్నెలు. అయినా ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకుని అన్నం వండింది, పప్పు చేసింది. పద్మకు మొదటి ముద్ద తనే కలిపి పెట్టింది. తల్లి పోయినప్పటినుంచి పద్మ ఏడవలేదని నాకు చెప్పారు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చింది. నిర్మల ఎడమచేత్తో ఆమె వీపు రాస్తూ, "తిను బిడ్డా, తిను" అన్నది.

పడుకునే వేళకు పక్కలు వేయాల్సి వచ్చింది. పడకగదిలో ఒక్క మంచం, కిటికీ పక్కన. గాలి బాగా వస్తోంది. నిర్మల దాని మీద దుప్పటి దులిపి కొత్తది పరిచి, పద్మను కూర్చోబెట్టింది. తర్వాత దిండు చంకలో పెట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది. సొంత ఇంట్లో తన చోటు ఏదో తెలియక నా వైపు చూసింది. నేను చాప విప్పుతూ, ఏళ్ళ తర్వాత మొదటిసారి, ఎవరూ అడగకుండా ఆ మాట అన్నాను.

"తలుపు పక్కన, అక్కా. జెర జరుగు, నేను గూడ ఆన్నే పండుకుంట."